ఆపా గుమ్మం ముందు చెప్పులు

ఇక్కడ రాసిన ప్రతి అక్షరం నిజం. నా మాట మీద మీకు నమ్మకం కుదరదని తెలుసు. హాంబర్గ్‌లో ఉన్న తెలుగువాళ్ళెవరికీ కుదరలేదు. అందుకని ఒట్టు వేసే మొదలుపెడతాను. మా ఆవిడ మీద వేద్దామంటే ఆవిడ పక్కనే కూచుని వంకాయలు తరుగుతోంది, చేతిలో చాకు ఉంది. "నా జోలికి రాకు, ఇంకేదైనా చూసుకో" అంటోంది. సరే, నా నెల పాసు మీద ఒట్టు. ఇందులో అబద్ధముంటే నేనెక్కాల్సిన ప్రతి బస్సూ నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి నా ముక్కు ముందే తలుపులు మూసుకుని వెళ్ళిపోవుగాక. అదీ నవంబరు వానలో. ఈ ఊళ్ళో ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు.

పోయిన శనివారం మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకాయనకి తోడుగా ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. ఇక్కడ ఇల్లు చూడ్డమంటే పెళ్ళిచూపులు కాదు, స్వయంవరం. వధువు ఒక్కతే, మెట్ల నిండా రాకుమారులు. అందరి చేతుల్లోనూ జీతం కాగితాలు, అందరి ముఖాల మీదా ఒకటే నవ్వు. మా వంతు వచ్చి లోపలికి వెళ్ళేసరికి ఒక అమ్మాయి, తెలుగమ్మాయి కాదు, ఏ దేశమో తెలీదు, వంటింట్లో కుళాయి తిప్పి వదిలేసి, బీరువా వెనక్కి తల దూర్చి గోడ వాసన చూసి, ఆ తర్వాత చెవి గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"ఇది నీకెవరు నేర్పారమ్మా?" అని అడిగాను.

"నా రూమ్మేట్. తనకి ఎవరో ఇండియన్ ఆంటీ నేర్పిందట."

ఆ ఆంటీ ఎవరో నాకు తెలుసు. మేమందరం ఆమెను ఆపా అనేవాళ్ళం. అక్క అని అర్థం. పాలమూరు వైపు మనిషి. ముసల్మాను ఇళ్ళల్లో ఆ పిలుపు మామూలే గానీ, భీమవరం నుంచి వచ్చిన నేను కూడా ఆమెను ఇంకో పేరుతో పిలిచి ఎరగను.

ఆమెను మొదటిసారి చూసింది కూడా అలాంటి వరసలోనే. మేం ఈ దేశానికి కొత్త. కంపెనీ ఇచ్చిన గదికి గడువు దగ్గరపడుతోంది, నేనూ మా ఆవిడా ఇంటి కోసం ఊరంతా తిరుగుతున్నాం. ఆ రోజు వరస మెట్లు దిగి, వీధి మలుపు తిరిగి, నది మీద వంతెన దాటి, పక్క రాష్ట్రంలో తేలింది. చిట్టచివర మేం. మా ముందు నిలబడ్డాయన విసిగిపోయి ఆ రాష్ట్రంలోనే ఒక ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాడు. గాలి ఎలా ఉందంటే, నా గొడుగు చేతిలోంచి లేచి డెన్మార్క్ వైపు వెళ్ళింది. ఆ గొడుగు విషయంలోనే నేనూ మా ఆవిడా తెలుగులో వాదులాడుకుంటుంటే వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి. ముందు బస్టాపు చూసిన్రా?"

తిరిగి చూస్తే యాభై దాటిన మనిషి. తల మీద చున్నీ, చున్నీ మీద వానకోటు టోపీ, టోపీ మీద ఒక ప్లాస్టిక్ సంచీ. ఒకటి కారినా ఇంకోటి ఆదుకుంటుందని కాబోలు.

"బస్టాపెందుకండీ? మేం ఇంటి కోసం వచ్చాం" అన్నాను.

"ఇల్లు పండెతందుకు, బస్సు బతికెతందుకు. ఆదివారం ఎంతసేపటికి ఒకటి వస్తదో అడిగిన్రా? మంచు పడ్డనాడు గా ఎత్తు ఎక్కుతదా, కిందనే దింపిపోతదా చూసిన్రా? లేదు. ఇంట్ల బాత్‌టబ్ ఉన్నదా అని మాత్రం అడుగుతరు."

మా ఆవిడ నా వైపు చూసింది. సరిగ్గా అదే అడిగింది ఆవిడ.

లోపలికి మాతోపాటు ఆమె కూడా వచ్చింది. కుళాయి తిప్పింది, గోడ వాసన చూసింది, చెవి ఆనించింది. ఇల్లు చూపించే ఏజెంటు చిరాకుపడ్డాడు.

"మీరు ఇల్లు తీసుకునేవారా?" అని అడిగాడు జర్మన్‌లో.

"కాదు" అందామె అదే భాషలో. "నేను భయపడ్డానికి వచ్చాను. వీళ్ళకి ఇంకా భయపడ్డం రాదు."

బయటికొచ్చాక మాతో తెలుగులో అంది: "వద్దు తమ్మీ. గోడ లోపట ఏడుస్తున్నది. చలికాలం మీరు సుత ఏడుస్తరు."

ఆ తర్వాత మాకు ఇల్లు దొరికేదాకా ఆమె మా తరఫున భయపడుతూనే ఉంది. మాకే కాదు, ఈ ఊరికి చదువుకో ఉద్యోగానికో వచ్చి, పెట్టెలతో రైల్వేస్టేషన్లో దిగిన ఎంతోమందికి ఆమె ఆ పని చేసిపెట్టింది. బూజు వాసన పట్టడంలో ఆమెకున్న శక్తి ఎలాంటిదంటే, ఒకసారి ఫోన్లో మాట్లాడుతుండగానే "మీ పడకగది కిటికీ కింద చూడు" అంది. చూస్తే అరచేతి మందాన ఉంది.

ఏ కుర్చీలోనూ ఆమె వెనక్కి జారగిలబడి కూచోగా చూడలేదు. అంచు మీద కూచునేది, రైలు కూత వినబడగానే లేవాల్సినట్టు. ఎక్కడైనా టెర్మిన్, అంటే ఫలానా వేళకి రమ్మని ఆఫీసువాళ్ళిచ్చే అపాయింట్‌మెంటు, ఉందంటే ముందు రోజే ఆ ఆఫీసు దాకా బస్సెక్కి వెళ్ళి, తలుపు చూసి, తిరిగొచ్చేది. "రేపు తొవ్వ తప్పుతే?" అనేది. ఈ రోజు తప్పని దారి రేపెందుకు తప్పుతుందని అడిగితే నన్ను జాలిగా చూసేది.

అన్నిటికంటే విచిత్రం తపాలా డబ్బా. తన డబ్బా తను తెరిచేది కాదు. తాళాల గుత్తి తీసి, పక్కన ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టి, "నువ్వు తియ్యి. నీ చెయ్యి చల్లది" అని మొహం అటు తిప్పుకునేది. ఎవరూ లేకపోతే పైఅంతస్తు జర్మన్ ముసలాయన దిగేదాకా మెట్ల దగ్గర నిలబడేది. ఆయన కూడా అలవాటు పడిపోయి, డబ్బా తీసి, "ప్రకటనలే, ప్రకటనలే" అని చెప్పి వెళ్ళేవాడు.

ఆమె ఇల్లు సర్కారు సాయంతో కట్టిన ఎర్ర ఇటుకల భవనంలో మూడో అంతస్తు. అలాంటి భవనాలకి ఒక కట్టుబాటుంటుంది. కిరాయి ఒక గీత దాటకూడదు, ఇళ్ళు మామూలు జీతగాళ్ళకే ఇవ్వాలి. ఆ కట్టుబాటుకీ ఒక గడువుంటుంది. గడువు తీరితే గీత చెరిగిపోతుంది. ఓడల్లో కరెంటు పని చేసే వాళ్ళాయన బతికున్నప్పుడు తీసుకున్న ఇల్లది. ఆయన పోయాక ఆమె ఒక్కతే అందులో ఉంటూ, ఎయిర్‌పోర్టు పక్కన సరుకులు పంపే కంపెనీలో పనిచేసేది. ఆ జీతానికి హాంబర్గ్‌లో ఇంకో ఇల్లు దొరకడమనేది నేను చెప్పే కథల్లో కూడా జరగదు. ఆ ఇల్లు పోతే ఆమెకి ఊరే పోతుంది.

అలా ఉండగా ఆ వీధి చివరికి భూగర్భ రైలు వస్తుందన్నారు. పేపర్లో పటం వేశారు. మేమందరం సంబరపడి మిఠాయి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం.

"ఆపా, ఇంక గుమ్మం దిగితే రైలు!"

మిఠాయి ముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది. "రైలొస్తే మనం పోతం తమ్మీ."

"అదేంటి! బస్టాపు బస్టాపు అని మా ప్రాణాలు తోడేశావు. రైలే ఇంటికొస్తుంటే ఏడుస్తావేంటి?"

"బస్సు ఉన్నోళ్ళ కోసం వస్తది. రైలు రాబోయేటోళ్ళ కోసం వస్తది. టేషన్ పడ్డదంటే దాని ఎనుకనే ఓనరు దిగుతడు, సూడు."

దిగాడు. రైలు ఇంకా రాలేదు, గొయ్యి మాత్రమే తవ్వారు, ఓనరు మాత్రం ముందే దిగాడు. కిరాయి కట్టుబాటు గడువు తీరిన ఏడాదే భవనం చేతులు మారింది. కొన్నది ఏదో కంపెనీ. దాని తరఫున ఒక మేనేజరు రావడం మొదలుపెట్టాడు. కుర్రవాడే, మర్యాదస్తుడే, చేతిలో పలక లాంటి కంప్యూటరు. మెట్ల మీద సైకిళ్ళు ఉండకూడదన్నాడు, పిల్లల బండ్లు ఉండకూడదన్నాడు, చెప్పులు అసలే ఉండకూడదన్నాడు. చట్టం చేతిలో ఉంది కాబట్టి పాత కిరాయిదార్లని ఊరికే వెళ్ళగొట్టలేరు. కారణం కావాలి. ఆ కుర్రవాడు వెతుకుతున్నది కారణమేనని ఆపా మొదటి రోజే అంది.

ఆ కారణం ఆమె ఇంట్లోనే ఉంది. శ్రీకాకుళం పిల్ల. క్లాస్తాల్ అనే ఊళ్ళో ఇంజనీరింగ్ చదువుతూ, చివరి ప్రాజెక్టు చేయడానికి హాంబర్గ్‌లోని విమానాల కంపెనీకి వచ్చింది. నెట్‌లో చూసి ఒప్పుకున్న గది తీరా వస్తే లేనే లేదు, మోసం. ఆపా ఆ పిల్లను తన చిన్న గదిలో పెట్టుకుంది. ఇక్కడ ఉంటున్న చోటు సర్కారు దగ్గర నమోదు చేయించుకోవాలి, దాన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. అది లేకపోతే బ్యాంకు ఖాతా కూడా రాదు. ఆపా సంతకం పెట్టి నమోదు చేయించింది. తపాలా డబ్బా మీద తన పేరు కింద పిల్ల పేరు అంటించింది. వారం రోజులనుకున్నది నెలలైంది. ఆ పేరు మేనేజరు కంట పడింది.

అనుమతి లేకుండా ఇంకో మనిషిని ఉంచుకున్నారని హెచ్చరిక వచ్చింది. ఫలానా రోజున వచ్చి ఇల్లు చూస్తామని కూడా. నేనే డబ్బా తెరిచాను. నా చెయ్యి చల్లది కాదని ఆ రోజు తేలింది.

కిరాయిదార్ల సంఘానికి తోడు వెళ్ళాను, ముందు రోజు దారి చూసి వచ్చాకే. అక్కడి సలహాదారు ఆవిడ కళ్ళజోడు తీసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "మీ ఇంట్లో ఒక గది ఇంకొకరికి ఇవ్వడానికి తగిన కారణముంటే ఓనరు మామూలుగా కాదనలేడు. అది మీ హక్కు. కానీ ముందు అడగాలి. ఇప్పటికైనా అడగండి."

ఆపా బుద్ధిగా తలూపింది. మెట్లు దిగాక నా మోచెయ్యి పట్టుకుంది.

"అడుగుతే పిల్ల ఉన్నదని మనమే ఒప్పుకున్నట్టు గాదా తమ్మీ?"

"ఒప్పుకుంటేనే కదా ఆపా అనుమతిచ్చేది?"

"కాదంటే?"

"కాదనలేడని ఇప్పుడే చెప్పింది కదా ఆవిడ."

"చట్టం ఆమెకు ఎరుక. ఓనరుకు ఎరుకనా?" కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "అయినా ఇంటికొచ్చిన ఆడపిల్లను ఉంచుకునేటందుకు పర్మిషన్ ఏంది? మా అమ్మ ఏనాడన్న ఎవరినన్న అడిగిందా?"

అడగలేదు. ఆమే కాదు, మనలో ఎవరూ అడగరు. చుట్టం వస్తే పక్క వేస్తాం, ఎన్నాళ్ళుంటావని చుట్టాన్నే అడగం, ఓనరుని అడుగుతామా? ఆపా కూడా అడగలేదు.

"ఆ రోజు ఇంట్లో మీరూ, సాక్షిగా ఒకరూ ఉంటే చాలు. ప్రశాంతంగా ఉండండి" అని సలహాదారు అంతకుముందే చెప్పి పంపింది. సాక్షిగా నన్ను రమ్మంది ఆపా. ఎవరికీ చెప్పొద్దంది. చెప్పలేదు, నా పాసు మీద ఒట్టు. చెప్పింది ఆమే. భయం ఆగక, పొద్దున్నే ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "ఎవరికి చెప్పకు బిడ్డా. నువ్వొక్కదానివి దువా చెయ్యి, చాలు." అలా ఎంతమందికి చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ప్రతివాళ్ళూ పాపం ఆపా ఒక్కతే ఉంటుందే అనుకున్నారు. ఎవరికీ చెప్పకుండా, ఆఫీసులకి సెలవు పెట్టి, బస్సెక్కారు.

మేనేజరు రావడానికి కాస్త ముందు గంట మోగింది. తలుపు తీస్తే రాజమండ్రి దంపతులు. "ఒక్కరే ఉంటారని వచ్చామండి." వాళ్ళు కూచోకముందే హైదరాబాదు నుంచి వచ్చిన ఐటీ కుర్రాళ్ళు. "ఆపా, సలాం. అకేలే ఉంటారని..." వెనకాలే కరీంనగర్ నర్సు, చంటిపిల్లతో ఇంకొకావిడ, సమోసాల డబ్బాతో మా ఆవిడ. ఆపా ప్రతిసారీ తలుపు దగ్గరికి వెళ్ళి, ప్రతిసారీ ఇంకాస్త పాలిపోయి వచ్చింది.

"అరె, ఎందుకొచ్చిన్రు? ఇల్లు ఖాళీగ కనపడాలె గదా!"

"మేం కదలకుండా కూచుంటాం ఆపా" అన్నాడు ఐటీ కుర్రాడు, ఇంకో కుర్రాడి ఒళ్ళో కూచుంటూ.

అంతా కూచున్నాక, సందు లేక నేను గుమ్మం దగ్గర నిలబడి యథాలాపంగా తలుపు తీశాను.

చెప్పులు. బూట్లు. వానకి తడిసిన గంబూట్లు, చంటిపిల్ల అరచేతంత బూట్లు. లోపల చెక్క నేల పాడవుతుందని, ఎంతైనా మనవాళ్ళు కదా, ఒక్కరు కూడా చెప్పులతో లోపలికి రాలేదు. గుమ్మం ముందు జాగా చాలక, మెట్ల మీద జతలు జతలుగా, పెళ్ళి మండపం బయట వదిలినట్టు కింది అంతస్తు దాకా దిగాయి.

"ఆపా, చెప్పులు!"

ఆమె తొంగి చూసి నోటి మీద చున్నీ అదుముకుంది. "యా అల్లా. లోపట పెట్టుండ్రి, జల్ది!"

అప్పటికే కింద తలుపు తెరుచుకున్న చప్పుడు. మెట్ల మీద బూట్ల శబ్దం ఆగి, నడిచి, ఆగి, నడిచి వచ్చింది. మేనేజరు ఒక్కొక్క జతనీ ఫోటో తీసుకుంటూ ఎక్కాడు. గుమ్మం ముందుకొచ్చి, కాలు పెట్టడానికి జాగా లేక, రెండు గంబూట్ల మధ్య ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"నమస్కారం. ఈ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు?"

ఆపా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను కలగజేసుకున్నాను. "వీళ్ళంతా చూడ్డానికి వచ్చినవాళ్ళు. కావాలంటే అడగండి."

అడిగాడు. ఒక్కొక్కరూ లేచి తామెక్కడ ఉంటారో చెప్పారు. చెబుతుంటే నాకు ఒకటి తట్టింది. ఆ ఇళ్ళన్నీ ఆపా గోడ వాసన చూసిన ఇళ్ళే. అందరూ వీధి పేరుతో ఆపకుండా బస్సు నంబరు కూడా చెప్పారు, ఆదివారం ఎంతసేపటికి ఒకటి వస్తుందో కూడా. చంటిపిల్ల అక్క, కిండర్‌గార్టెన్‌కి వెళ్ళే పిల్ల, వాళ్ళమ్మ తెలుగులో అడిగిన ప్రశ్నకి జర్మన్‌లో, గట్టిగా, తన స్టాపు పేరు బస్సులో వినబడే గొంతుతోనే చెప్పింది. మేనేజరు నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత పలక చూసుకుని తలెత్తాడు.

"డబ్బా మీద ఇంకో పేరుంది. ఆ పేరు గలవారు ఎవరు?"

శ్రీకాకుళం పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. ఆ గదిలో ఇంటి చెప్పులున్నది ఆపాకీ ఆ పిల్లకీ మాత్రమే.

"నేనేనండి" అంది.

"మీరెక్కడ ఉంటారు?"

అందరం నేల చూశాం. ఆపా వేళ్ళు చున్నీ అంచుని మెలిపెడుతున్నాయి. నేను గొంతు సవరించుకున్నాను.

"సార్, ఆ అమ్మాయి మా బావమరిది కూతురు. మా ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడికి రోజూ డ్యూటీ మీద వస్తుంది. ఈవిడకి తపాలా డబ్బా అంటే భయం. మామూలు భయం కాదు, జబ్బు. డబ్బా తెరిస్తే కళ్ళు తిరుగుతాయి. డాక్టరు ఇంకొకరి చేత తీయించమన్నాడు. మరి పేరు లేనివాళ్ళు డబ్బా తెరిస్తే మీ దేశంలో నేరం కదా? అందుకని చట్టానికి కట్టుబడి ఆ అమ్మాయి పేరు అంటించాం. పైఅంతస్తు పెద్దాయన్ని అడగండి, ఆయన కూడా కొన్నాళ్ళు ఆ డ్యూటీ చేశాడు."

మేనేజరు నిజంగానే పైకి వెళ్ళి అడిగాడు. పెద్దాయన "అవునవును, డబ్బా నేనే తెరిచేవాణ్ణి" అన్నాడు. కిందికొచ్చి మేనేజరు కాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత వంగి తన బూట్లు కూడా విప్పి, ఆ వరసలో పెట్టి, లోపలికొచ్చి కూచున్నాడు. సమోసా తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. "నిజం చెప్పనా, డబ్బా తెరవాలంటే నాక్కూడా భయమే" అన్నాడు. పలకలో ఏదో కొట్టేసి, హెచ్చరిక వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి వెళ్ళాడు. ఆ రోజు ఆపా కుర్చీలో వెనక్కి వాలి కూచుంది, మొదటిసారి.

ఇదీ సంగతి.

వంకాయలు తరగడం ఆపేసి మా ఆవిడ నా భుజం మీంచి చదువుతోంది. "ఇది అచ్చేస్తారా? ఆపా కూడా చదువుతుంది" అంది.

సరే, ఒప్పుకుంటాను. వరస పక్క రాష్ట్రం దాకా వెళ్ళిన మాట నిజం. గొడుగూ నిజమే. చెప్పులు నిజం, ఫోటోలు నిజం. నేను మొదలుపెట్టిన అబద్ధం కూడా నిజమే. కానీ అది పూర్తి కాలేదు. పైఅంతస్తు పెద్దాయన దాకా వెళ్ళలేదు, సమోసా దాకా వెళ్ళలేదు. "మా ఇంట్లోనే ఉంటుంది" అన్న మాట నా నోట్లో ఉండగానే ఆపా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈయన చెప్పేది నిజం కాదు" అంది జర్మన్‌లో. "అమ్మాయి ఇక్కడే ఉంటుంది. నాతో ఉంటుంది."

మేనేజరు రాసుకున్నాడు. బూట్లు విప్పలేదు. అతను వెళ్ళాక నేను కోపం పట్టలేక అరిచాను.

"ఎందుకాపా? ఇంకొక్క నిమిషం ఆగితే నేను చూసుకునేవాణ్ణి కదా!"

"నువ్వు చెప్తున్నప్పుడు పిల్ల మొహం చూసినవా తమ్మీ? ఇంట్ల ఉన్నదాన్ని లేదంటే, రేపటి సంది ఈ ఇంట్ల ఎట్ల తిరుగుతది అది? దొంగ లెక్కనా?"

ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. సంఘం ఆవిడ పోరాడదామంది, కోర్టులో మనవైపు చాలా బలముందంది. ఆపా ఆమెకి దండం పెట్టి బయటికొచ్చింది. "హక్కు నాదేనంట తమ్మీ. మరి ఈ భయం ఎవరిది?" తీర్పు వచ్చేదాకా అలా బతకలేనంది. ఎవరూ వెళ్ళగొట్టకముందే ఇల్లు వదిలేసింది. ఆ పిల్లకి అప్పుడే డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం వచ్చింది. పెద్దమ్మా అంటూ తనతో తీసుకుపోయింది.

వెళ్ళిన కొన్నాళ్ళకి ఆ పిల్ల ఫోన్ చేసింది.

"అంకుల్, ఈసారి ముందే అడిగేశానండి. ఓనరమ్మ కూరగాయల సంచీతో మెట్లెక్కుతుంటే, మా పెద్దమ్మ నాతోనే ఉంటారు, పర్లేదా అన్నాను."

"ఏమంది?"

"దానికేముంది, ఇంకో తాళంచెవి కావాలా అంది. అంతే. పైకెళ్ళిపోయింది."

"ఆపా పక్కనే ఉందా అప్పుడు?"

"తలుపు వెనకే నిలబడున్నారండి, అంతా విన్నారు. ఆవిడ పైకెళ్ళేదాకా తొంగి చూశారు. తర్వాత 'గింతేనా?' అన్నారు. ఇంతే పెద్దమ్మా అన్నాను. దానికి ఏమన్నారో తెలుసా అంకుల్?"

"ఏమంది?"

"'ఆమె సంచి బరువు మీద సరిగ్గ ఇన్నదో లేదో బిడ్డా. పైకి పోయి, మల్లొక్కసారి అడిగి రాపో' అన్నారు."